ఈశాన్యానికి జరిపిన సున్నా

మా చెల్లెలు సత్యవేణి పోయిందని రాజమహేంద్రవరం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఆ ఊళ్ళోనే ఒక స్నేహితుడి ఇంట్లో భోజనానికి కూర్చుని ఉన్నాను. ముందురోజే వెళ్ళి చూశాను. గుండె జబ్బు. మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపించే తెర ఉంటే దానివైపే చూస్తూ, "ఈ గీత గీసే ప్రోగ్రాం ఎవడు రాశాడో గాని అన్నయ్యా, పనిమంతుడు. ఎక్కడా తెగట్లేదు" అని నవ్వింది. అంత నవ్వు మిగిలి ఉన్న మనిషి మర్నాటికి ఉండదని ఎలా అనుకుంటాం? విస్తరి ముందు నుంచి లేచాను. అంతవరకే దుఃఖం. ఆ తరువాత జరిగింది తలుచుకుంటే నాకు దుఃఖం రాదు, రోత పుడుతుంది.

మండపేటలో ఆమె అద్దెకుంటున్న ఇంటికి శరీరాన్ని తీసుకువెళ్ళేసరికి ఇంటి యజమాని గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆవిడంటే మాకూ గౌరవమేనండి. నక్షత్రం మంచిది కాదంటున్నారు. శవం లోపలికొస్తే నెలల తరబడి ఇల్లు మూసెయ్యాలంటండి. ఆ తర్వాత మాత్రం అద్దెకెవరొస్తారు చెప్పండి?"

"పోయింది మీ ఇంట్లో కాదుగా, ఆసుపత్రిలో కదా?"

"అదేనండి మరి. బయట పోయినోళ్ళని లోపలికి తేకూడదు కదండి."

లోపల పోతే తప్పు నక్షత్రానిది. బయట పోతే తప్పు చోటుది. ఎటు తిరిగినా గేటు మాత్రం తెరుచుకోదు. ఏళ్ళ తరబడి ప్రతి నెలా మొదటి వారంలోనే అద్దె అందుకున్న చేతులవి. చివరికి రోడ్డు వారన షామియానా వేసి పడుకోబెట్టాం. రైసు మిల్లులకు వెళ్ళే ధాన్యం లారీలు హారన్లు కొట్టుకుంటూ ఆమె పాదాల పక్క నుంచి పోయాయి.

సత్యవేణి మా పిన్నమ్మ కూతురు. పేరున్న మనిషి కాదు. పేరు ఉండవలసిన మనిషి. ఆమె మీద ఒక నింద వేశారు. అది అబద్ధమని వేసినవాళ్ళకు తెలుసు. ఆ మాట ఒక్కసారి నలుగురిలో చెప్పమని ఆమె బతికున్నంతకాలం అడిగింది. వాళ్ళు చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆమె మొదట డ్రాయింగు టీచరు. ప్రైవేటు బడిలో పనిచేసేది. డ్రాయింగుకు మార్కులు లేవు కాబట్టి ఆ పీరియడు దండగని బడివాళ్ళు తీసేశారు, పీరియడుతో పాటు ఆమెనూ తీసేశారు. అదే ఏడాది భర్త పోయాడు. అతను మండపేటలోనే వీరభద్రరావు అనే ఆయన వర్క్‌షాపులో మిల్లింగు మెషీను మీద పనిచేసేవాడు. తిరిగే కట్టర్‌తో ఇనుమును చెక్కే మెషీను అది. చెయ్యి తిరిగిన పనివాడు. అతను పోయాక వీరభద్రరావు సత్యవేణిని ఆఫీసులో పెట్టుకున్నాడు, బిల్లులు రాయడానికి, ఫోను ఎత్తడానికి. దీన్ని ఊరంతా ధర్మం అని మెచ్చుకుంది. పని చేయించుకుని జీతమివ్వడం ధర్మం ఎప్పుడయిందో నాకు తెలియదు.

రెండు వేల సంవత్సరం దాటాక భీమవరం వైపు రొయ్యల చెరువులు పెరిగాయి. చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్లకు ప్లాస్టిక్ రెక్కలు కావాలి. ఆ రెక్కకు వంపు ఉంటుంది. దాని అచ్చును ఇనుప దిమ్మలో చేత్తో చెక్కడం కుదరదు. కంప్యూటరులో బొమ్మ గీసి, కట్టర్ ఏ దారిన పోవాలో అందులోనే చెబితే, మెషీను ఆ దారిన పోయి చెక్కుతుంది. వీరభద్రరావు కోయంబత్తూరు నుంచి అలాంటి పాత మెషీను ఒకటి కొన్నాడు. దానితో పాటు ఒక కంప్యూటరు, సాఫ్ట్‌వేరు, నేర్పడానికి ఒక మనిషి వచ్చారు. నేర్చుకోవలసినవాడు యజమాని బావమరిది చిట్టిబాబు. ముందు కుర్చీ అతనిది. అరవం కలిసిన ఇంగ్లీషులో ఆ మనిషి చెబుతుంటే చిట్టిబాబు తల ఊపుతూ సెల్‌ఫోనులో మాట్లాడుకునేవాడు. వెనక బల్ల మీద బిల్లులు రాస్తూ సత్యవేణి వింది. ఆ మనిషి వెళ్ళిపోయాక ఆ కంప్యూటరు ముందు కూర్చున్నది ఆమె ఒక్కతే.

వెంటనే వచ్చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె నేర్చుకున్నది తప్పులు చేసి, తిట్లు తిని. మొదట మెషీనును చెక్క దిమ్మలో చదరపు గుంట తవ్వమంది. గీసిన దానికంటే గుంట పెద్దదయింది. చిట్టిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడట. "డ్రాయింగు టీచరు గారండీ, చదరం కూడా సరిగ్గా రాలేదేంటండీ!" నాకు ఫోనులో చెబుతూ తనూ నవ్వింది. "గీత మీద నడవమన్నాను అన్నయ్యా, పాపం నడిచింది. దాని ఒళ్ళు లావని నేను మర్చిపోయాను." కట్టర్ నడుము గీత మీద ఉంటే సగం ఒళ్ళు గీత అవతలికి పోతుంది కదా. దాని మందంలో సగం లోపలికి జరిపి నడిపించాలి. ఆ సంగతి ఆమెకు తట్టింది అట్లు పోస్తుంటేనట. "గరిటె అంచు పెనం అంచుకి తగలాలంటే గరిటె నడుము ఇవతలే ఆగాలి. నాలుగు పలకల పెనమైతే మూలల్లో పిండి అందనే అందదు. మెషీను కూడా అంతే. లోపలి మూల ఎప్పటికీ సూదిగా రాదు, గుండ్రంగానే వస్తుంది. అది మెషీను తప్పు కాదు, గరిటె గుణం."

మెషీను ఆషాఢమాసంలో వచ్చింది. ఆషాఢంలో కొత్త మెషీను మీద ఇనుము కొయ్యకూడదన్నారు. చెక్క కొయ్యవచ్చట, సబ్బు కొయ్యవచ్చట. ఏ శాస్త్రంలో ఉందో అడిగితే వీరభద్రరావు నవ్వి, "మీతో వాదించలేమండి మాస్టారూ" అన్నాడు. వాదించలేమని ఒప్పుకుంటారు, మానుకోమంటే మాత్రం ఒప్పుకోరు. ఈ మూర్ఖత్వం సత్యవేణికి ఒక రకంగా కలిసొచ్చింది. నెలంతా బట్టల సబ్బు బిళ్ళల మీద సాధన చేసింది. పువ్వులు చెక్కింది, పడవ చెక్కింది, చివరికి రెక్క వంపు చెక్కింది. ఆ సబ్బుల్లో ఒకటి నాకు పంపించింది. మా ఇంట్లో దానితో బట్టలు ఉతకడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. మెషీను మీద నడపబోయేది ఏదైనా ముందు కంప్యూటరు తెర మీద నడిపించి చూసేది. కట్టర్ బొమ్మ దిమ్మ బొమ్మను చెక్కుతూ పోతుంటే కన్నార్పకుండా కూర్చునేది. షాపులో వాళ్ళు, "సత్యవేణి గారూ, సినిమా ఇంకా అవ్వలేదాండి?" అని ఎగతాళి. "ఇంటర్వెల్లండి. మీ సినిమాలో హీరో చస్తే మీరు ఏడుస్తారు, నా సినిమాలో కట్టర్ చస్తే మీ యజమాని గారు ఏడుస్తారు" అని ఈమె. నన్నూ వదల్లేదు. "నీ ఉపన్యాసాలు కూడా ముందు తెర మీద నడిపించుకుని చూసుకోవాలి అన్నయ్యా. ఎక్కడ గుద్దుకుంటావో తెలిసేది."

నోరు మంచిది కాదని ఆమె మీద ఫిర్యాదు ఉండేది. నిజమే. నేర్చుకోడానికి వచ్చినవాళ్ళను కసిరేది. "తల ఊపుతావేంటి? తల ఊపితే మెషీనుకి అర్థం కాదు. సున్నా ఎక్కడ పెట్టావో చెప్పు ముందు." ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే. కొలతలన్నీ దిమ్మ మీద ఒక చోటు నుంచి మొదలవుతాయి. ఆ చోటును సున్నా అంటారు. అక్కడి నుంచి కుడికి ఇంత, లోపలికి ఇంత, కిందికి ఇంత. ప్రోగ్రాం రాసేటప్పుడు ఏ మూలను సున్నా అనుకున్నామో, మెషీనుకు కూడా అదే మూల చూపించాలి. లేకపోతే చెప్పేవాడు ఒక ఊళ్ళో, చేసేవాడు ఒక ఊళ్ళో. "మనుషులు తగువులాడుకునేది కూడా ఇందుకే అన్నయ్యా. ఎవడి సున్నా వాడిది" అనేది. హేతువాదం గురించి నేను రాసిన వ్యాసాలన్నిటిలోనూ ఇంత సూటి వాక్యం ఒక్కటీ లేదు.

శ్రావణంలో ముహూర్తం పెట్టారు. ఇనుము మీద మొదటి కోత. రెక్క అచ్చే మొదటి పని. "నా ప్రోగ్రాం నడుస్తుంది, చూడ్డానికి రా" అని పిలిస్తే వెళ్ళాను. ఆ ఉదయం ఆమె స్వయంగా దిమ్మను కదలకుండా పట్టి ఉంచే వైస్ దవడల మధ్య బిగించి, తన ఎడమచేతివైపు ముందు మూలలో సున్నా పెట్టింది. చిట్టిబాబుతో, "పచ్చ బటను నొక్కడమేనండి. ఇంకేమీ ముట్టుకోకండి" అంది.

అప్పుడు వీరభద్రరావు వచ్చాడు. ఆయన గొంతు తగ్గించడం చూసి నాకు విషయం తెలిసిపోయింది.

"సత్యవేణి గారూ, పూజయ్యేదాకా మీరు కాస్త ఆఫీసు గదిలో కూర్చోండి. నాకేం పట్టింపు లేదండి. మా అత్తగారు వచ్చారు, ఆవిడ సంగతి మీకు తెలుసు కదా."

ఈ దేశంలో ఎవరికీ ఏ పట్టింపూ ఉండదు. అందరికీ అత్తగార్లు ఉంటారు.

నేను నోరు తెరవబోతే సత్యవేణి నా మోచెయ్యి నొక్కింది. "ఊరుకో. ముందు అది నడవనీ." వెళ్ళి అద్దాల గదిలో కూర్చుంది. లోపలి నుంచి అన్నీ కనిపిస్తాయి, ఏమీ వినిపించదు. మెషీనుకు పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఇంతలో ముహూర్తం పెట్టిన సిద్ధాంతికి అనుమానం వచ్చింది.

"తవ్వకం ఏ మూల నుంచి?"

"ఈ మూలనుంచేనండి లెక్క" అని చిట్టిబాబు సత్యవేణి సున్నా పెట్టిన మూల చూపించాడు.

సిద్ధాంతి దిక్కులు చూసుకుని ఉలిక్కిపడ్డాడు. "అది నైరుతి కదయ్యా! నైరుతిలో గొయ్యి తీస్తే యజమానికే గండం. తవ్వకం ఎప్పుడూ ఈశాన్యంలో మొదలవ్వాలి. ఇల్లు కట్టేటప్పుడు చూళ్ళేదూ?"

"అంతేనాండి? సున్నా ఆ మూలకి మార్చేస్తే సరిపోద్దండి" అన్నాడు చిట్టిబాబు.

"అయ్యా, ఇది ఇల్లు కాదు, ఇనపముక్క" అన్నాను నేను. ఎవరు వింటారు? ముహూర్తం దాటిపోతోందని అత్తగారి హడావుడి. చిట్టిబాబు కట్టర్‌ను ఎదుటి మూలకు తీసుకుపోయి, అదే సున్నా అని మెషీనుకు చెప్పాడు. ప్రోగ్రాం మాత్రం అలాగే ఉంది. అద్దాల అవతల సత్యవేణి లేచి నిలబడింది. అద్దం మీద అరచేత్తో కొట్టింది. అత్తగారు వెనక్కి తిరిగి, కూర్చో కూర్చో అని చేత్తో సైగ చేసింది. మంగళవాయిద్యాల క్యాసెట్టు సౌండు పెంచారు. పచ్చ బటను నొక్కారు.

కట్టర్ దిమ్మ మీదికి రాలేదు. దిమ్మను దాటి అవతలికి పోయి, కిందికి దిగి, వైస్ దవడను కొట్టింది. ఆ చప్పుడుకు హారతి పళ్ళెంలోంచి కర్పూరం నేలమీద పడింది. కట్టర్ ముక్కలయింది. దాన్ని తిప్పే స్పిండిల్ మూలుగుతూ ఆగిపోయింది.

ముందు లేచింది అత్తగారి గొంతు: "చెప్తూనే ఉన్నాను, ఇవాళ ఆ మనిషిని రానివ్వద్దని!"

సిద్ధాంతి మరీ ఘనుడు. తాపీగా అడిగాడు, "ఇంతకీ ఆ ప్రోగ్రాం రాసిన చెయ్యి ఎవరిదండి?"

నేను ఎన్నో వేదికల మీద ఎందరితోనో వాదించాను. మూఢనమ్మకం అమాయకత్వమని, చదువు చెబితే పోతుందని మా పెద్దలు అనేవారు. ఆ ఉదయం నేను చూసింది అమాయకత్వం కాదు. తను చెప్పిన మాట వల్ల మెషీను విరిగిందని ఎక్కడ తేలుతుందోనన్న భయంతో, ఆ పాపాన్ని గదిలో కూర్చోబెట్టిన ఆడమనిషి నెత్తిన రుద్దిన కపటం. ఛీ అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

సత్యవేణి బయటికి వచ్చింది. ఎవరివైపూ చూడకుండా మెషీను దగ్గరికి వెళ్ళి తెర మీది అంకెలు చదివింది.

"చిట్టిబాబు గారూ, సున్నా ఎవరు జరిపారండి?"

"మూల మార్చామంతేనండి. కొయ్యడం అదే కదండి."

"గుమ్మంలోంచి పది అడుగులు లోపలికి రా అని నేను చెప్పాను. మీరు గుమ్మం తీసుకెళ్ళి పెరటి గోడకి పెట్టారు. వచ్చినోడు గోడ అవతల చేలోకి పోడా?"

చిట్టిబాబు యజమానివైపు చూశాడు. వీరభద్రరావుకు అర్థమయింది. ఆయన ముఖంలో నేను స్పష్టంగా చూశాను, అర్థమయింది. అయినా అన్న మాట ఇది: "పోనివ్వండి సత్యవేణి గారూ. రేపట్నుంచి కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండండి. అందరూ కాస్త కుదుటపడనివ్వండి."

స్పిండిల్ బాగు చేయించారు. మెషీనుకు దిష్టి తీయించారు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టించారు. చిట్టిబాబు ఆ అచ్చు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ దిమ్మ పాడుచేశాడు. ఈశాన్యం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. గుమ్మడికాయా ఉంది. లేనిది తెలిసిన మనిషి. ఏరేటర్ల ఆసామి భీమవరం నుంచి వచ్చి, అచ్చు ఇస్తారా లేదా అని నిలదీశాక, వీరభద్రరావు అరటిపళ్ళు పట్టుకుని సత్యవేణి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"వస్తానండి" అంది సత్యవేణి. "నా ప్రోగ్రాం నడిచేటప్పుడు మెషీను ముందు నేను నిలబడతాను. నేను పెట్టిన సున్నా ఎవరూ ముట్టుకోకూడదు."

"ఆయ్, అలాగేనండి. కాకపోతే కొత్త అచ్చు జాబ్ మొదలెట్టేటప్పుడు మాత్రం కాస్త..."

"కొత్త జాబ్ మొదలెట్టేటప్పుడే నేను ఉండాలండి. తర్వాత అది దానంతటదే తిరుగుద్ది."

ఆయన అరటిపళ్ళు ఆమె ముందుకు జరిపాడు. "పోనీ, చిన్న బొట్టు పెట్టుకుని రండి. వచ్చేపోయే కస్టమర్లు ఉంటారు..."

"మెషీనుకి పెట్టారు కదండి. పెట్టి ఏం సాధించారు?"

వెళ్ళింది. నిలబడింది. సున్నా ముందటి మూలలోనే, ఆ నైరుతిలోనే పెట్టింది. యజమానికి ఏ గండమూ రాలేదు, లాభం వచ్చింది. చెరువుల్లో ఆ రెక్కలు తిరిగాయి. తరువాత ఎన్నో అచ్చులు. ఎదురుగా నిలబడే హక్కు గెలుచుకుంది. ఆమె అడిగింది ఇంకొకటి ఉంది. "మొదటిరోజు మెషీను ఎందుకు విరిగిందో షాపులో అందరి ముందూ ఒక్క ముక్క చెప్పండి చాలు." ఆయన ప్రతిసారీ నవ్వి, "ఇప్పుడా పాత గొడవెందుకండి" అనేవాడు. ఆయనకు పాతది. ఆమెకు రోజూ కొత్తదే. కొత్తగా చేరిన ప్రతివాడికీ, ఫలానా ఆవిడ చెయ్యి పడి మెషీను మొదటిరోజే విరిగిందట అనే కథ టీ గ్లాసుతో పాటు అందేది.

మా వైపు వాళ్ళను కూడా వదలకూడదు. రాజమహేంద్రవరంలో మా హేతువాద సంఘం కార్యదర్శి ఈ సంగతి విని, వితంతు వివక్షను ఎదిరించిన వీరనారి అని సత్యవేణికి సన్మానం తలపెట్టాడు. కరపత్రం కూడా వేయించాడు. ఆమె చదివి మడిచి ఇచ్చేసింది. "వాళ్ళు వితంతువునని గదిలో కూర్చోమన్నారండి. మీరు వితంతువునని వేదిక మీద కూర్చోమంటున్నారు. మిల్లింగు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగరేంటండి?" కార్యదర్శి ఇప్పటికీ ఆమెను అహంకారి అంటాడు. ఆ అహంకారం మన ఆడవాళ్ళందరికీ ఉంటే సంస్కరణ సభల అవసరమే ఉండేది కాదు.

పోయిన వారం వర్క్‌షాపులో సంతాప సభ పెట్టారు. ఫొటోకు దండ వేశారు. వీరభద్రరావు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. ఇప్పటికైనా ఆ ఒక్క ముక్క అంటాడేమోనని ఎదురు చూశాను. చనిపోయినవాళ్ళ గురించి నిజం చెప్పడంలో నష్టమేముంది? ఆయన అన్నది ఇది: "ఆవిడది గొప్ప హస్తవాసి అండి. ఆవిడ చెయ్యి పడితే చాలు, జాబ్ తప్పేది కాదు." చిట్టిబాబు తల ఊపాడు. షాపంతా తల ఊపింది.

అప్పుడు ఆ చెయ్యి అపశకునం. ఇప్పుడు హస్తవాసి. తిట్టినా పొగిడినా మీకు కనపడింది చెయ్యేనా? ఆ చేతి వెనక పాడైన చెక్క దిమ్మలు, సబ్బు బిళ్ళలు, తెర ముందు మండిన కళ్ళు, నలభై దాటాక అక్షరం అక్షరం కూడబలుక్కుని పట్టుకున్న ఒక విద్య, వీటిలో ఒక్కటీ మీకు కనపడలేదా? తిట్టు కంటే ఈ పొగడ్త నీచమైనది. తిట్టుకు ఆమె జవాబు చెప్పగలిగింది.

నేను లేచి బయటికి వచ్చేశాను. వాళ్ళు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను, చదివేవాళ్ళు నలుగురికి చెప్పండి. ఆ రోజు సున్నాను జరిపింది చిట్టిబాబు. జరపమన్నది సిద్ధాంతి. తెలిసీ నోరు మూసుకున్నది వీరభద్రరావు. సత్యవేణి రాసిన ప్రోగ్రాంలో తప్పు లేదు. ఆమె చేతిలో ఏ వాసీ లేదు, అరిష్టమూ లేదు. ఆమె నేర్చుకుంది.

ఇప్పుడు ఆ మెషీను ముందు నిలబడి, సున్నా ఎక్కడ పెట్టావని గద్దించి అడిగే మనిషి మండపేటలో లేదు.